వెన్నెముక శోథవ్యాధి: అంకిలోజింగ్ స్పాండిలైటిస్ పరిశోధనల పరిణామం

వ్యాససంగ్రహం

యౌవనంలో మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ వెన్నుపూసలను ఒకదానికొకటి అతికించివేయగల శోథవ్యాధి అంకిలోజింగ్ స్పాండిలైటిస్. చాలాకాలం దీన్ని కీళ్లవాతంలో ఒక రూపంగానే పరిగణించారు. 1973లో హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యురకంతో దీనికి గల సంబంధం బయటపడిన తరువాత పరిశోధన మలుపు తిరిగింది. ఆ జన్యురకం వ్యాధికి ఎలా దారితీస్తుందన్న ప్రశ్నపై యాభై ఏళ్లుగా జరుగుతున్న అన్వేషణను, శోథ మొదలయ్యే స్థానాన్ని గురించిన ఆలోచనలను, మందుల జయాపజయాలు నేర్పిన పాఠాలను, రోగనిర్ధారణలో జరుగుతున్న జాప్యానికి కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: శోథ, వెన్నెముక, త్రికశ్రోణి కీలు, హెచ్ఎల్ఏ-బి27, టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-17, రోగనిర్ధారణ.

1. ఉపోద్ఘాతం

నడుము నొప్పి ఎరుగని మనిషి అరుదు. బరువులెత్తడం, ఎక్కువసేపు కూర్చోవడం, కండరం పట్టేయడం, డిస్క్ జారడం, వయసుతో వచ్చే అరుగుదల వంటివి దానికి సాధారణ కారణాలు. ఈ నొప్పుల్లో ఎక్కువ భాగం కొన్ని రోజుల్లోనో వారాల్లోనో తగ్గిపోతాయి. కాబట్టి నడుము నొప్పి అనగానే విశ్రాంతి తీసుకోమని చెప్పడం లోకంలో స్థిరపడిపోయింది.

అయితే నడుము నొప్పితో బాధపడేవారిలో ఒక చిన్న వర్గం ఈ సామాన్యసూత్రానికి లొంగదు. వీరికి నొప్పి సాధారణంగా ఇరవై, ముప్పై ఏళ్ల ప్రాయంలో ఏ దెబ్బా తగలకుండానే మెల్లగా మొదలవుతుంది. పడుకుంటే తగ్గకపోగా పెరుగుతుంది. తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. లేచి తిరిగితే సడలుతుంది. ఈ నొప్పికి మూలం అరుగుదల కాదు, శోథ. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే వెన్నెముకలోని కీళ్లపైకి తిరగడం వల్ల కలిగే స్థితి ఇది.

విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో పాఠం చెప్పేవారికీ పరిశోధన చేసేవారికీ ఈ విషయం దూరమైనది కాదు. వ్యాధి మొదలయ్యే వయసు సరిగ్గా విద్యార్థి వయసే. ఉదయపు తరగతికి బిగుసుకుపోయిన నడుముతో వచ్చే యువకుణ్ణో యువతినో బద్ధకస్తులుగా జమకట్టడం తేలిక. ఆ బిగువు వెనుక ఒక వ్యాధి ఉండవచ్చునన్న ఎరుక ఉంటే వారు కొన్నేళ్ల ముందే సరైన వైద్యుణ్ణి చేరగలుగుతారు.

2. పేరు, పదాల అయోమయం

‘అంకిలోస్’ అన్న గ్రీకు పదానికి వంగినది అని అర్థం. వైద్యపరిభాషలో అది కీలు బిగిసి కదలిక కోల్పోవడాన్ని సూచించే పదానికి మూలమైంది. ‘స్పాండిలోస్’ అంటే వెన్నుపూస. ‘ఐటిస్’ అనే ప్రత్యయం శోథను తెలుపుతుంది. కనుక అంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటే వెన్నుపూసలను బిగించివేసే శోథ.

మన వాడుకలో ‘స్పాండిలైటిస్’ అన్న మాట మరో అర్థంలో స్థిరపడింది. మధ్యవయసులో మెడ నొప్పి వచ్చి, మెడకు పట్టీ వేసుకుంటే ‘స్పాండిలైటిస్ వచ్చింది’ అంటారు. నిజానికి అది చాలాసార్లు స్పాండిలోసిస్, అంటే మెడ పూసల మధ్య జరిగే అరుగుదల. రెండు పదాలకూ తేడా చివరి అక్షరాల్లోనే కనిపించినా వ్యాధులు మాత్రం వేరు. ఒకటి వయసుతో వచ్చే మార్పు, రెండోది యౌవనంలో వచ్చే శోథ. ఒకదానికి కొంతకాలం విశ్రాంతి మేలు చేయవచ్చు, రెండోదానికి విశ్రాంతి కీడు చేస్తుంది. పేరు కలగాపులగం కావడం వల్ల రోగి తన వ్యాధిని తక్కువగా అంచనా వేసుకునే ప్రమాదం ఉంది.

‘వాతం’, ‘కీళ్లవాతం’ అన్న మాటలతోనూ ఇదే చిక్కు. తెలుగు వాడుకలో కీళ్లవాతం అన్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కూ, మోకాళ్ల అరుగుదలకూ, ఇంకా అనేక నొప్పులకూ కలిపి వాడే మాట. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ప్రధానంగా చేతివేళ్ల వంటి చిన్న కీళ్లను పట్టుకుంటుంది. ఇక్కడ చర్చిస్తున్న వ్యాధి వెన్నెముక అడుగుభాగం నుంచి మొదలవుతుంది. ఈ వ్యాసంలో ‘శోథ’ అన్న మాటను రోగనిరోధక కణాల చర్య వల్ల కలిగే వాపు, నొప్పి, వేడిమి, కణజాల నష్టం అనే సమగ్రమైన అర్థంలో వాడుతున్నాను.

3. వ్యాధి స్వరూపం

వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి, దానికి ఇరువైపులా ఉండే శ్రోణి ఎముకలతో కలిసేచోట రెండు త్రికశ్రోణి కీళ్లు ఉన్నాయి. పైశరీరపు బరువు కాళ్లకు చేరేది ఈ కీళ్ల మీదుగానే. వ్యాధి సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది. అందుచేత తొలినొప్పి నడుము దిగువన, పిరుదుల్లో, ఒక్కోసారి ఒకవైపు నుంచి మరోవైపుకు మారుతూ తెలుస్తుంది. దీన్ని కాలినరం నొప్పిగా, అంటే సయాటికాగా పొరబడటం సాధారణం.

శోథ కొనసాగితే రెండు విరుద్ధమైన మార్పులు జరుగుతాయి. ఒకవైపు ఎముక అంచులు తినివేయబడతాయి. మరోవైపు ఆ గాయం మానే క్రమంలో ఉండరాని చోట కొత్త ఎముక పుడుతుంది. పూసకూ పూసకూ మధ్య సన్నని ఎముక వంతెనలు ఏర్పడి, చివరికి వెన్నెముక ఒకే కడ్డీగా మారవచ్చు. ఎక్స్‌రేలో అది కణుపులున్న వెదురుబొంగులా కనిపించడం వల్ల ‘వెదురు వెన్నెముక’ అన్న పేరు వచ్చింది. వంతెనలు గట్టిపడుతున్నా పూసల లోపలి ఎముక మాత్రం గుల్లబారుతుంది. అలా బిగిసిన వెన్నెముక చిన్నపాటి పడికే విరగవచ్చు. అయితే రోగులందరికీ వెన్నెముక పూర్తిగా అతుక్కుపోదు. వ్యాధి తీవ్రత మనిషి మనిషికీ మారుతుంది.

వ్యాధి వెన్నెముకకే పరిమితం కాదు. తుంటి కీళ్లు దెబ్బతినవచ్చు. మడమ వెనుక స్నాయువు ఎముకను పట్టుకునే చోట నొప్పి రావచ్చు. రోగుల్లో నాలుగోవంతు మందికో అంతకుమించో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కంటి లోపలి పొరకు శోథ వస్తుంది. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోవడం దాని లక్షణం. కొందరికి సోరియాసిస్, మరికొందరికి పేగుల శోథవ్యాధి తోడవుతాయి. ఈ సంబంధిత వ్యాధులన్నింటినీ కలిపి నేడు స్పాండిలోఆర్థరైటిస్ కుటుంబంగా వ్యవహరిస్తున్నారు.

4. ప్రత్యేకవ్యాధిగా గుర్తింపు

పూసలు, పక్కటెముకలు, త్రికాస్థి అతుక్కుని ఒకే ఎముకగా మారిన అస్థిపంజరాన్ని ఐర్లండ్‌కు చెందిన వైద్యుడు బెర్నార్డ్ కానర్ 17వ శతాబ్ది చివరిలోనే వర్ణించాడు. వ్యాధిగా దీని క్లినికల్ వర్ణన 19వ శతాబ్ది చివరి దశాబ్దంలో స్థిరపడింది. రష్యాలో వ్లదీమిర్ బెఖ్తెరెవ్ 1893లో, జర్మనీలో అడోల్ఫ్ స్ట్రంపెల్ 1897లో, ఫ్రాన్స్‌లో పియెర్ మరీ 1898లో ప్రచురించిన వ్యాసాలు ఇందుకు ఆధారాలు. ఐరోపాలో కొన్నిచోట్ల నేటికీ దీన్ని బెఖ్తెరెవ్ వ్యాధి అంటారు.

అయినా 20వ శతాబ్ది నడిమి దాకా, ముఖ్యంగా అమెరికాలో, దీన్ని ‘రుమటాయిడ్ స్పాండిలైటిస్’ అని పిలిచారు. అంటే కీళ్లవాతం వెన్నెముకకు పాకిన రూపంగా భావించారు. ఈ అభిప్రాయాన్ని కదిలించినది ఒక రక్తపరీక్ష. నార్వేలో వాలర్ 1940లో, అమెరికాలో రోజ్, ఆయన సహచరులు 1948లో వర్ణించిన రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే ప్రతిరక్షకం కీళ్లవాత రోగుల్లో ఎక్కువమందికి ఉంటుంది. వెన్నెముక శోథ ఉన్నవారిలో మాత్రం అది సాధారణంగా కనిపించదు. 1963లో అమెరికన్ రుమాటిజం అసోసియేషన్ తన వర్గీకరణలో పాత పేరును విడిచి అంకిలోజింగ్ స్పాండిలైటిస్ అన్న పేరును స్వీకరించింది. 1974లో బ్రిటన్‌కు చెందిన మోల్, రైట్, వారి సహచరులు ఈ వ్యాధినీ, సోరియాసిస్‌తో వచ్చే కీళ్లశోథనూ, పేగు వ్యాధులతో వచ్చే కీళ్లశోథనూ ఒకే కుటుంబంగా ప్రతిపాదించారు.

ఈ మధ్యకాలపు చికిత్సాచరిత్రలో ఒక విషాద అధ్యాయం ఉంది. నొప్పి తగ్గించడానికి వెన్నెముకపై ఎక్స్‌కిరణాలను ప్రసరింపజేసే పద్ధతి బ్రిటన్‌లో విస్తృతంగా సాగింది. 1935-1954 మధ్య అలా చికిత్స పొందిన పదివేలకు పైబడిన రోగుల వివరాలను కోర్ట్ బ్రౌన్, రిచర్డ్ డాల్ పరిశీలించి, వారిలో రక్తకేన్సర్ అధికమైందని 1957లో నిరూపించారు. నొప్పి నుంచి ఉపశమనం కోసం వచ్చినవారి శరీరాలే వికిరణం కలిగించే కేన్సర్ ముప్పును లెక్కగట్టడానికి ఆధారమయ్యాయి. వికిరణ రక్షణ శాస్త్రం నేటికీ ఆ అధ్యయనాన్ని ప్రస్తావిస్తుంది.

5. 1973: జన్యుసంబంధం బయటపడటం

అవయవమార్పిడి పరిశోధనల్లో భాగంగా తెల్లరక్తకణాలపై ఉండే ప్రత్యేక గుర్తులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. వీటికి హెచ్ఎల్ఏ అని పేరు. 1958లో ఫ్రాన్స్‌లో జాన్ దొసే వీటిలో మొదటిదాన్ని వర్ణించాడు. ఆ కృషికి 1980లో నోబెల్ పురస్కారంలో భాగస్వామి అయ్యాడు. ఈ గుర్తులను నిర్ణయించే జన్యువులు 6వ క్రోమోజోముపై ఉన్నాయి. వ్యక్తి వ్యక్తికీ ఇవి మారుతుంటాయి.

1973లో రెండు బృందాలు వేర్వేరుగా ఒకే ఫలితాన్ని ప్రకటించాయి. లండన్‌లో బ్రూవర్టన్ బృందం పరీక్షించిన 75 మంది రోగుల్లో 72 మందికి బి27 గుర్తు కనిపించింది. పోలిక కోసం తీసుకున్న 75 మందిలో అది ముగ్గురికే ఉంది. లాస్ ఏంజెలెస్‌లో ష్లాస్టీన్, టెరసాకీ, బ్లూస్టోన్, పియర్సన్ చేసిన అధ్యయనంలో 40 మంది రోగుల్లో 88 శాతానికి, 906 మంది ఆరోగ్యవంతుల్లో 8 శాతానికి ఆ గుర్తు ఉంది. సాధారణంగా వచ్చే ఒక వ్యాధికీ, ఒక జన్యురకానికీ ఇంత బలమైన సంబంధం కనిపించడం వైద్యచరిత్రలో అరుదు.

ఈ అంకెలను తిప్పి చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. రోగుల్లో ఎక్కువమందికి బి27 ఉందంటే, బి27 ఉన్నవారిలో ఎక్కువమందికి వ్యాధి వస్తుందని అర్థం కాదు. ఉదాహరణకు ఒక జనసమూహంలో 1000 మందికి 60 మందిలో బి27 ఉందనుకుందాం. వారిలో నూటికి ఐదుగురికి వ్యాధి వస్తుందని కాస్త ఉదారంగానే లెక్కవేసినా రోగులు ముగ్గురే. తక్కిన 57 మంది ఆ జన్యురకంతోనే ఆరోగ్యంగా జీవిస్తారు. కనుక లక్షణాలేవీ లేని మనిషికి ఈ పరీక్ష చేయించి ఫలితం చూసి భయపడటం అర్థరహితం. లక్షణాలు ఉన్నవారి విషయంలో మాత్రం అదే పరీక్ష విలువైన ఆధారమవుతుంది. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా వ్యాధి ఉండి, తమకూ బి27 ఉన్నవారికి ముప్పు ఎక్కువ. కవలలపై జరిగిన అధ్యయనాలు ఈ వ్యాధి వచ్చే అవకాశంలో సింహభాగం వంశపారంపర్యమేనని చూపాయి. అయితే ఆ వారసత్వంలో బి27 ఒక భాగమే. వందకు పైగా ఇతర జన్యుస్థానాలు కూడా స్వల్పపాత్రలు వహిస్తున్నాయి.

బి27 అంతా ఒకటే కాదన్న విషయం మరింత ఆసక్తికరం. దానిలో అనేక ఉపరకాలున్నాయి. బి27:05, బి27:04, బి27:02 వ్యాధితో ముడిపడినవి. ఆగ్నేయాసియాలో కనిపించే బి27:06, సార్డీనియా ద్వీపంలో కనిపించే బి27:09 వ్యాధితో అంతగా ముడిపడలేదు. 05, 09 ఉపరకాల మధ్య తేడా ఒకే ఒక్క ఎమైనో ఆమ్లం. 116వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం ఉండవలసిన చోట 09లో హిస్టిడిన్ ఉంటుంది. అంత చిన్న మార్పు ఇంత పెద్ద భేదాన్ని ఎలా తెస్తుందన్నదే తరువాతి పరిశోధనలకు ప్రేరణ అయింది.

6. బి27 ఏం చేస్తుంది?

కణం లోపల తయారయ్యే ప్రోటీన్లలో కొన్ని ఎప్పటికప్పుడు ముక్కలవుతుంటాయి. ఆ ముక్కల పేరు పెప్టైడ్లు. హెచ్ఎల్ఏ అణువులు వాటిని మోసుకువెళ్లి కణం ఉపరితలంపై ప్రదర్శిస్తాయి. గస్తీ తిరిగే టీ-కణాలు వాటిని తడిమి చూస్తాయి. సొంత ముక్క అయితే విడిచిపెడతాయి. వైరస్‌కు చెందిన ముక్క అయితే ఆ కణాన్ని చంపుతాయి. ఈ పనిలో బి27 నిజానికి సమర్థమైనది. హెచ్ఐవీ సోకినవారిలో బి27 ఉన్నవారికి వ్యాధి నెమ్మదిగా ముదురుతుందని తేలింది. మానవజాతిలో ఈ జన్యురకం నిలిచి ఉండటానికి ఇటువంటి ప్రయోజనాలు కారణం కావచ్చు.

మరి కీళ్లకు కీడు ఎందుకు? దీనికి మూడు ప్రధాన ప్రతిపాదనలు ఉన్నాయి.

మొదటిది, పెప్టైడ్ ప్రతిపాదన. సూక్ష్మజీవికి చెందిన ఒక పెప్టైడ్‌ను బి27 ప్రదర్శించినప్పుడు టీ-కణాలు దానిపై దాడికి సిద్ధమవుతాయి. కీళ్లలోని సొంత పెప్టైడ్ ఒకటి దాన్ని పోలి ఉంటే ఆ దాడి సొంత కణజాలం మీదికి మళ్లుతుంది. 116వ స్థానం పెప్టైడ్ కూర్చునే గాడిలోనే ఉండటం ఈ వాదానికి బలమిస్తుంది.

రెండవది, మడతల లోపం ప్రతిపాదన. బి27 అణువు కణం లోపల సరైన ఆకారానికి మడతపడటానికి ఇతర రకాలకంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. సరిగా మడతపడని అణువులు పేరుకుంటే కణం ఒత్తిడికి గురై శోథ సంకేతాలను విడుదల చేస్తుంది. ఈ వాదంలో పెప్టైడ్‌కు ప్రాధాన్యం లేదు.

మూడవది, జంట అణువుల ప్రతిపాదన. బి27 భారగొలుసులు రెండేసి చొప్పున జతకట్టి కణం ఉపరితలంపై నిలిచి, ఇతర రోగనిరోధక కణాలను ప్రేరేపిస్తాయని ఇది చెబుతుంది.

జంతుప్రయోగాలు ఈ చర్చను ముందుకు నడిపాయి. 1990లో అమెరికాలోని డాలస్‌లో జోయెల్ టారాగ్ బృందం మానవ బి27 జన్యువును ఎలుకల్లో ప్రవేశపెట్టింది. వాటికి కీళ్లు, పేగు, చర్మం శోథకు గురయ్యాయి. జన్యువు కేవలం గుర్తు కాదనీ, వ్యాధిలో స్వయంగా పాల్గొంటుందనీ దీనితో రుజువైంది. 1994లో అదే బృందం అటువంటి ఎలుకలను సూక్ష్మజీవులు లేని వాతావరణంలో పెంచింది. వాటికి పేగుశోథ గానీ కీళ్లశోథ గానీ రాలేదు. అంటే జన్యువు ఒక్కటే చాలదు, పేగులోని సూక్ష్మజీవులు కూడా కావాలి.

2007లో వేల మంది జన్యుపటాలను పోల్చిన అధ్యయనం ఈఆర్ఏపీ1, ఐఎల్23ఆర్ అనే రెండు జన్యువులను వెలికితీసింది. ఈఆర్ఏపీ1 అనేది పెప్టైడ్లను హెచ్ఎల్ఏ గాడికి సరిపడే పొడవుకు కత్తిరించే ఎంజైము. 2011లో మరో విషయం తేలింది. ఈఆర్ఏపీ1 ప్రభావం బి27 ఉన్నవారిలోనే కనిపిస్తుంది. కత్తిరించేదీ మోసేదీ కలిసి పనిచేస్తున్నాయన్నమాట. దీనితో పెప్టైడ్ ప్రతిపాదనకు మళ్లీ ఊపిరి వచ్చింది. 2022 చివర వెలువడిన ఒక అధ్యయనం రోగుల కీళ్లలో, కళ్లలో ఉన్న ఒకే తరహా టీ-కణ గ్రాహకాలను వేరుచేసి, అవి బి27 మోసే కొన్ని సూక్ష్మజీవి పెప్టైడ్లనూ, కొన్ని మానవ పెప్టైడ్లనూ కూడా గుర్తుపడుతున్నాయని చూపింది. ఆ తరహా టీ-కణాలను మాత్రమే తొలగించే చికిత్సను ఒక రోగిపై ప్రయోగించిన వివరాలు 2023లో ప్రచురితమయ్యాయి. ఒక్క రోగితో నిర్ణయానికి రాలేం. కానీ యాభై ఏళ్లనాటి ప్రశ్న ప్రయోగశాల నుంచి చికిత్సాలయం దాకా నడిచిందనడానికి అది నిదర్శనం. మూడు ప్రతిపాదనలూ ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టివేసేవి కావనీ గమనించాలి.

7. శోథ ఎక్కడ మొదలవుతుంది?

కీళ్లవాతంలో శోథ కీలు లోపలి పొరలో మొదలవుతుంది. ఇక్కడ అలా కాదని బ్రిటన్‌కు చెందిన జాన్ బాల్ 1971లో వివరించాడు. స్నాయువులూ సంధిబంధనాలూ ఎముకను పట్టుకునే అతుకుచోట్లే ఈ వ్యాధికి ప్రధానస్థానాలన్నది ఆయన పరిశీలన. 1998లో మెక్‌గోనగల్, ఆయన సహచరులు ఎం.ఆర్.ఐ. చిత్రాల ఆధారంతో ఈ ఆలోచనను వ్యాధి కుటుంబమంతటికీ విస్తరింపజేశారు. అతుకుచోట్లపై శరీరపు బరువు, లాగుడు నిరంతరం పడుతుంటాయి. బెల్జియంలోని గెంట్‌లో జరిపిన పరిశోధనలో వ్యాధికి లోనయ్యే ఎలుకల వెనుకకాళ్లపై బరువు పడకుండా పైకెత్తి ఉంచితే వాటి మడమ అతుకుచోట్లకు శోథ రాలేదు. దీని ఫలితం 2014లో వెలువడింది.

అదే గెంట్‌లో 1980లలో మీలాంట్స్, వెయ్స్ మరో దారిలో నడిచారు. పేగుకు సంబంధించిన బాధలేవీ లేని రోగులకు కూడా పేగు లోపలి పొరను పరీక్షించగా దాదాపు సగంమందిలో సూక్ష్మస్థాయి శోథ కనిపించింది. జన్యువు, పేగులోని సూక్ష్మజీవులు, అతుకుచోటుపై పడే ఒత్తిడి అనే మూడింటి కలయికగా వ్యాధిని చూడటం ఈ పరిశోధనల నుంచి రూపుదిద్దుకున్న అవగాహన.

8. మందులు నేర్పిన పాఠాలు

మందు పనిచేసినప్పుడే కాదు, పనిచేయనప్పుడు కూడా వ్యాధి స్వభావం తెలుస్తుంది. దీనికి మొదటి ఉదాహరణ మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల నుంచి అమినోప్టెరిన్, ఆపై మెథోట్రెక్సేట్ వెలువడ్డాయి. పిల్లల రక్తకేన్సర్‌కు వాడిన అమినోప్టెరిన్‌ను 1951లో గబ్నర్ కీళ్లవాత రోగులపై పరీక్షించాడు. 1980లలో జరిగిన నియంత్రిత ప్రయోగాల తరువాత తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ కీళ్లవాత చికిత్సకు మూలస్తంభమైంది. అదే మందు వెన్నెముక శోథపై మాత్రం ప్రయోజనం చూపలేదు. స్వీడన్‌కు చెందిన నానా స్వార్ట్జ్ కృషితో వచ్చిన సల్ఫాసలజీన్ కూడా కాళ్లూ చేతుల కీళ్లకే కొంత ఉపకరిస్తుంది. రెండు వ్యాధులూ ఒకటి కావన్న 1963 నాటి నిర్ణయాన్ని మందులు కూడా సమర్థించాయన్నమాట.

నొప్పినీ శోథనూ తగ్గించే స్టెరాయిడేతర మందులు నేటికీ తొలిమెట్టు. చాలామందికి ఇవే చాలినంత ఉపశమనం ఇస్తాయి. అయితే జీర్ణాశయం, మూత్రపిండాలు, గుండెపై వీటి దుష్ప్రభావాల దృష్ట్యా వైద్యుని పర్యవేక్షణ లేకుండా దుకాణంలో కొని ఏళ్లతరబడి వాడటం ప్రమాదకరం.

పెద్ద మార్పు టీఎన్ఎఫ్ నిరోధకాలతో వచ్చింది. లండన్‌లోని కెనడీ సంస్థలో మార్క్ ఫెల్డ్‌మన్, లుధియానాలో జన్మించిన రవీందర్ మైనీ 1992లో కీళ్లవాత రోగులపై ఈ తరహా ప్రతిరక్షకాన్ని మొదటిసారి ప్రయోగించారు. 2002లో జర్మనీలో బ్రౌన్ బృందం దీన్ని వెన్నెముక శోథపై పరీక్షించింది. 12 వారాల్లో మందు పొందినవారిలో 53 శాతానికి, ఉత్తుత్తి మందు పొందినవారిలో 9 శాతానికి వ్యాధి తీవ్రత సగానికి తగ్గింది. దశాబ్దాలుగా వ్యాయామం, నొప్పిమాత్రలు తప్ప మరేదీ లేని రోగులకు ఇది కొత్త అధ్యాయం.

ఈ మందులతో ఒక ముప్పు బయటపడింది. శరీరంలో అణగి ఉన్న క్షయ తిరగబెట్టవచ్చునని 2001లోనే గుర్తించారు. క్షయ సూక్ష్మజీవిని గోడకట్టి బంధించి ఉంచే పనిలో టీఎన్ఎఫ్‌కు ముఖ్యపాత్ర ఉండటం ఇందుకు కారణం. క్షయ విస్తృతంగా ఉన్న మన దేశంలో ఈ చికిత్సకు ముందు నిద్రాణ క్షయ పరీక్ష తప్పనిసరి జాగ్రత్త. ఖర్చు మరో అవరోధం. 2014 చివర అదాలిముమాబ్ అనే మందుకు ప్రపంచంలోనే మొదటి జీవసదృశ ఔషధం భారతదేశంలో విడుదల కావడం ఆ దిశలో కొంత వెసులుబాటు.

అన్నిటికంటే ఆలోచింపజేసే పాఠం ఇంటర్‌ల్యూకిన్ల కథలో ఉంది. ఐఎల్-23 అనే సంకేతం ఐఎల్-17 ఉత్పత్తిని ప్రేరేపిస్తుందని పాఠ్యక్రమం. జన్యుపరిశోధన ఐఎల్23ఆర్‌ను చూపింది. 2012లో ఎలుకలపై చేసిన ప్రయోగంలో ఐఎల్-23 అతుకుచోట్లలో శోథను కలిగించింది. తర్కం ప్రకారం ఐఎల్-23ను అడ్డుకుంటే వ్యాధి తగ్గాలి. తగ్గలేదు. సోరియాసిస్‌లో విజయవంతమైన ఉస్టెకినుమాబ్, రిసాంకిజుమాబ్ వెన్నెముక శోథపై జరిగిన ప్రయోగాల్లో విఫలమయ్యాయి. దిగువనున్న ఐఎల్-17ను అడ్డుకునే సెక్యుకినుమాబ్ మాత్రం పనిచేసి, 2016లో అమెరికాలో ఆమోదం పొందింది. పేగు విషయంలో కథ తిరగబడింది. క్రోన్ వ్యాధిలో ఐఎల్-23 నిరోధకాలు ఉపకరిస్తే, సెక్యుకినుమాబ్ మేలు చేయకపోగా కొందరికి కీడు చేసింది. మానవుల వెన్నెముక అతుకుచోట్లలో ఉండే కొన్ని టీ-కణాలు ఐఎల్-23 ప్రేరణ లేకుండానే ఐఎల్-17ను తయారుచేయగలవని 2019లో వచ్చిన పరిశోధన ఈ వైరుధ్యానికి ఒక వివరణ ఇచ్చింది. ఒకే కుటుంబానికి చెందిన వ్యాధులైనా కణజాలాన్ని బట్టి కార్యకారణాలు మారతాయన్నది ఇక్కడ తేలిన సత్యం. జాక్ నిరోధకాలైన టోఫాసిటినిబ్, ఉపడాసిటినిబ్ అనే మాత్రలు తరువాతి కాలంలో చేరాయి.

ఇన్ని మందులు వచ్చినా వ్యాయామం స్థానం చెక్కుచెదరలేదు. వెన్ను నిటారుగా ఉంచే వ్యాయామాలు, ఈత, దీర్ఘశ్వాస ఛాతీ కదలికనూ వెన్ను వంపునూ కాపాడతాయి. పొగతాగేవారిలో వెన్నెముక నష్టం ఎక్కువగా కనిపిస్తోంది కనుక ఆ అలవాటు మానడం చికిత్సలో భాగమే.

9. రోగనిర్ధారణలో జాప్యం

చికిత్స ఇంత ముందుకు సాగినా, తొలి లక్షణానికీ రోగనిర్ధారణకూ మధ్య సగటున ఆరేడేళ్లు గడుస్తున్నాయని వివిధ దేశాల అధ్యయనాల సమీక్షలు చెబుతున్నాయి. దీనికి కారణాలు ఒకటికంటే ఎక్కువ.

ఎక్స్‌రేలో త్రికశ్రోణి కీళ్ల మార్పు కనిపించడానికి ఏళ్లు పట్టవచ్చు. 1984 నాటి సవరించిన న్యూయార్క్ ప్రమాణాలు ఆ ఎక్స్‌రే మార్పునే ప్రధానంగా కోరాయి. ఎముక చెడేదాకా వ్యాధికి పేరు లేకపోవడం అనే స్థితి దీనివల్ల ఏర్పడింది. శోథను తొలిదశలోనే చూపగల ఎం.ఆర్.ఐ.ని 2009లో అసాస్ అనే అంతర్జాతీయ బృందం తన ప్రమాణాల్లో చేర్చింది. 45 ఏళ్లలోపు మొదలై మూడు నెలలు దాటిన నడుము నొప్పి ఉన్నవారిని ఇవి పరిగణిస్తాయి. అయితే ఇవి పరిశోధనకు రోగులను ఎంపిక చేయడానికి ఉద్దేశించినవి. వైద్యుని వివేచనకు ఇవి ప్రత్యామ్నాయం కావు.

రెండవ కారణం స్త్రీల విషయంలో పాతుకుపోయిన అభిప్రాయం. ఇది మగవారి వ్యాధి అని దశాబ్దాలపాటు బోధించారు. స్త్రీలలో ఎక్స్‌రే మార్పులు నెమ్మదిగా, తక్కువగా కనిపించడమే ఆ నమ్మకానికి పునాది. ఎక్స్‌రేకు అందని తొలిదశను కూడా లెక్కలోకి తీసుకుంటే స్త్రీపురుషుల సంఖ్య దాదాపు సమానమని తేలింది. కొలిచే సాధనం పరిమితి వ్యాధి లక్షణంగా చలామణి కావడానికి ఇది మంచి ఉదాహరణ. పరిశోధకులెవరైనా గుర్తుంచుకోదగినది.

మూడవది, రక్తపరీక్షలు సాధారణంగా ఉండటం. ఈఎస్ఆర్, సీఆర్‌పీ వంటి శోథసూచికలు చాలామంది రోగుల్లో పెరగవు. ‘రక్తం బాగానే ఉంది, ఎక్స్‌రే బాగానే ఉంది’ అన్న మాటతో రోగి ఇంటికి చేరతాడు. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

కాబట్టి కింది ప్రశ్నలకు విలువ ఉంది. నొప్పి 40 ఏళ్లలోపు మెల్లగా మొదలైందా? మూడు నెలలు దాటిందా? రాత్రి రెండో సగంలో నిద్ర లేపుతోందా? ఉదయం అరగంటకు పైగా బిగువు ఉంటోందా? కదిలితే తగ్గి, విశ్రాంతితో పెరుగుతోందా? కంటి శోథ, సోరియాసిస్, కుటుంబంలో ఇటువంటి వ్యాధి ఉన్నాయా? వీటిలో ఎక్కువవాటికి అవునని సమాధానం వస్తే రుమటాలజీ నిపుణుణ్ణి సంప్రదించాలి. ఇవి అనుమానానికి ఆధారాలు మాత్రమే, నిర్ధారణ వైద్యునిదే.

10. ముగింపు

ఈ వ్యాధి పరిశోధనాచరిత్రను పరిశీలిస్తే మూడు అంశాలు స్పష్టమవుతాయి. మొదటిది, పేరు సరిపడినప్పుడే ప్రశ్న సరిపడుతుంది. కీళ్లవాతంలో భాగంగా ఉన్నంతకాలం దీని జన్యుసంబంధాన్ని విడిగా వెదకవలసిన అవసరమే స్ఫురించలేదు. రెండవది, బలమైన సహసంబంధం దొరకడం అన్వేషణకు ఆరంభమే. బి27 దొరికి యాభై ఏళ్లు దాటినా అది వ్యాధిని కలిగించే విధానం పూర్తిగా తేలలేదు. మూడవది, తర్కబద్ధమైన ఊహ కూడా రోగిపై జరిగే ప్రయోగం ముందు తలవంచవలసి ఉంటుంది. ఐఎల్-23 కథ అందుకు సాక్ష్యం.

కొత్త ఎముక పుట్టుకను నిలువరించడం ఎలా, ఏ రోగికి ఏ మందు సరిపడుతుందో ముందే చెప్పడం ఎలా, మందును ఎప్పుడు ఆపవచ్చు అన్నవి ఇంకా తెరిచి ఉన్న ప్రశ్నలు. తెలుగులో ఈ విషయాలను రాసేవారికి మరో బాధ్యత కూడా ఉంది. అరుగుదలకు ఒక మాట, శోథకు ఒక మాట స్థిరపడేలా చూడాలి. ‘నడుము నొప్పి’ అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు వ్యాధులు దాగి ఉన్నాయనీ, వాటిలో ఒకటి యౌవనంలోనే చికిత్సను కోరుతుందనీ పాఠకులకు తెలిస్తే ఆ ఆరేడేళ్ల జాప్యంలో కొంతైనా తగ్గుతుంది.